ఆ పుస్తకంలో మీ అమ్మకు గడి లేదు

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 43. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. పుట్టింది హిందూ కుటుంబంలో. భార్యది తిరుపతి, వాళ్లు తాతల కాలం నుంచీ లూథరన్లు. ప్రేమించి పెళ్లి చేసుకున్నా మతం సంగతి ఆయన చాలాకాలం పట్టించుకోలేదట. తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగం పోయి, అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్న రోజుల్లో, వీధి చివరి స్వతంత్ర సంఘం వాళ్లు బియ్యం బస్తా తెచ్చి దించారు. పాస్టర్ గారు రోజూ వచ్చి పక్కన కూర్చున్నారు. అక్కడే బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పటి నుంచీ ఒక లెక్క పుస్తకం రాస్తున్నారు. రోజుకొక వరుస, వరుసకు ఏడు గళ్లు: ఉదయ ప్రార్థన, బైబిలు అధ్యాయాలు, కుటుంబ ప్రార్థన, ఉపవాసం, దశమ భాగం, కూడిక, ఎవరికైనా సువార్త చెప్పడం. చేసినదానికి నీలం టిక్కు, తప్పినదానికి ఎర్ర సున్న. నెలాఖరుకు మొత్తం, శాతం. ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి. ఇంట్లో ఏ కష్టం వచ్చినా పుస్తకం తీసి, ఎక్కడ తప్పానా అని వెతుకుతారు.

వాళ్లమ్మ ఆయన దగ్గరే ఉంటుంది. శుక్లం ఆపరేషన్ అయి చూపు బాగుపడితే నడిచి కొండెక్కుతానని మొక్కుకుంది. బాగుపడింది. ఏప్రిల్‌లో చెల్లెల్ని తోడు తీసుకుని అలిపిరి మెట్ల మీదుగా వెళ్లి, మూడో రోజు పొద్దున తిరిగొచ్చి, డ్యూటీకి బయలుదేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్న కొడుకు నోట్లో లడ్డు తుంచి పెట్టింది. ఆయన మింగేశారు. ఆదివారం పాస్టర్ గారికి చెప్పారు. సంఘం ముందు ఒప్పుకోమంటే ఒప్పుకున్నారు. మూడు నెలలు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి, దూరం అన్నారు. ఇంకా నెల మిగిలి ఉంది. ఈ సంగతి తల్లి చెవిన పడింది. ఆ రోజు నుంచీ ఆమె వసారాలో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుని తన సంగటి తనే కెలుక్కుంటోంది. "నా చేతి కూడు తింటే నీకు పాపం కదా నాయినా" అందట.

ఈలోగా కూతురికి ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో ర్యాంకు బాగా రాలేదు. ఈయన పుస్తకం తీసి, పరీక్ష నెలలో తన ఉపవాసం గడిలోని ఎర్ర సున్నలు చూపించి, "నావల్లే తల్లీ" అన్నారు. ఆ పిల్ల, "నీ అటెండెన్స్ తగ్గితే దేవుడు నా మార్కులు కోస్తాడా నాన్నా? ఆయనకంటే మా కాలేజీ వాళ్లే నయం" అని, ఆ ఆదివారం నుంచీ మందిరానికి రావడం మానేసింది. భార్యేమో, "విశ్వాసంవల్లే కదా రక్షణ, ఆ పుస్తకం మూసి పడుకోండి" అంటుంది. "ఆమె హాయిగా నిద్రపోతుంటే నాకు కోపం వస్తుంది. నేను మూడు గంటలకు లేచి నిన్నటి గళ్లు సరిచూసుకుంటాను" అని రాశారు.

అడిగినవి: నేను దేవుని ముందు నీతిమంతుణ్ణా, కాదా? సంఘం మారాలా? అమ్మ మళ్లీ లడ్డు పెడితే ఏం చెయ్యాలి? ఈ పుస్తకాలు తగలబెట్టెయ్యనా?

తమ్ముడూ,

ఉత్తరంతో పాటు ఫిబ్రవరి నెల పేజీ జిరాక్సు కూడా పంపారు, రుజువు కోసమని. రుజువు నేనడగలేదు గానీ, పంపడం మంచిదే అయింది. మీ ఎనిమిది పేజీలకంటే ఆ ఒక్క పేజీ నాకు ఎక్కువ చెప్పింది. అందులో రెండో శుక్రవారం వరుస చూడండి. ఏడు గళ్లూ నీలం. ఆ నెలలో ఏడుకు ఏడూ వచ్చిన రోజు అదొక్కటే. మీ అమ్మకు కంటి ఆపరేషన్ జరిగిందీ ఆ రోజే. ఉపవాస కూడిక ఉందని భార్యను తోడు పంపినట్టు ఉత్తరం ఐదో పేజీలో ఒక్క ముక్కలో రాసి దాటేశారు. మందిరం పైకప్పుకు పదిహేను వేలు ప్రత్యేక కానుక ఇచ్చిందీ, ఆపరేషన్‌కు బావమరిది దగ్గర పన్నెండు వేలు చేబదులు తెచ్చిందీ ఆ నెలలోనే.

లెక్కలు రాసే మనిషి కాబట్టి ఈ మాట మీకు వెంటనే తగులుతుంది. అసలు పద్దు ఎక్కని పుస్తకం ఎంత నీటుగా ఉన్నా ఆడిటర్ ముందు నిలబడదు. మీరు మోసం చేశారని కాదు. గళ్లు గీసుకున్నది మీరు. వాటిలో మీ అమ్మకు గడి గీయలేదు, అంతే. యేసుకు ఈ రకం లెక్క తెలుసు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను అనే మాట వస్తుంది చూడండి. తల్లిదండ్రులకు దక్కవలసింది దేవుడికి అర్పించేశాం అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ల గురించి ఆయన కాస్త కటువుగానే మాట్లాడాడు. కానుక తప్పనలేదు. కానుక అడ్డం పెట్టి తప్పించుకోవడం తప్పన్నాడు.

మీ మొదటి ప్రశ్నకు వస్తాను. మిగతావన్నీ దాని తోకలే.

అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, నాలుగో అధ్యాయం మీ వృత్తివాళ్ల కోసమే రాశాడా అనిపిస్తుంది. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." ఆ 'ఎంచబడు' అన్న మాట గ్రీకులో లెక్కలవాళ్ల మాట. ఫలానా మొత్తాన్ని ఫలానావాడి ఖాతాలో జమ కట్టడం. ఆ మాట పట్టుకుని పౌలు యూదుల మూలపురుషుడు అబ్రాహాము ఖాతా తెరుస్తాడు. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను" అన్నది ఆదికాండము 15వ అధ్యాయంలో ఉంది. సున్నతి ఆజ్ఞ 17వ అధ్యాయంలో గానీ రాదు. కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్లు, సున్నతి నాటికి 99. అంటే జమ పడినది ముందు, ఆ గుర్తు వచ్చింది కనీసం పదమూడేళ్ల తర్వాత. ఇక సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం ఇచ్చింది ఆ వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాత అని గలతీ పత్రికలో లెక్క చెబుతాడు. పౌలు వాదన భావావేశం కాదు, తేదీల వాదన. వోచరు తేదీ ఫలానా, ఎంట్రీ తేదీ ఫలానా, ఇంకా పుట్టని పద్దు వల్ల ఆ జమ ఎలా వచ్చిందంటావు అని అడుగుతున్నాడు.

మీరు దీన్ని తిరగేసి రాస్తున్నారు. రోజూ ఏడు గళ్లు నింపి, నెలాఖరున దేవుడు జీతం ఇస్తాడని చూస్తున్నారు. జీతంగా అడిగినప్పుడు కోత కూడా ఒప్పుకోవాలి మరి. అందుకే కూతురి ర్యాంకు మీకు జీతం కోతలా కనిపించింది.

ఇక్కడ తెలుగు మాట గురించి కాస్త ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు. "నీతిమంతుడుగా తీర్చబడుట" అని మన బైబిల్లో ఉంది. తీర్చడం అంటే మనకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. తీర్పు తీర్చడం ఉంది. ముగ్గు తీర్చడం, తీర్చి దిద్దడం ఉంది. బాకీ తీర్చడమూ ఉంది. పౌలు వాడిన గ్రీకు మాట ప్రధానంగా కోర్టుది: న్యాయాధిపతి నిర్దోషి అని ప్రకటించడం. అది ప్రకటించడమేనా, మనిషిని లోపల నుంచి దిద్దడం కూడానా అని పదహారో శతాబ్దంలో జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ పక్షానికీ రోమన్ కాథలిక్ సంఘానికీ పెద్ద తగాదా నడిచింది. ఒకళ్లనొకళ్లు శపించుకున్నారు. మన భాషలో ఆ రెండూ ఒకే క్రియలో సంసారం చేస్తున్నాయి! ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, క్రియలవల్లే రక్షణ అంటారని మీ పాస్టర్ గారు చెప్పారని రాశారు కదా. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనల్ని అంగీకరించేది మన యోగ్యత చూసి కాదు, కృపవల్ల, క్రీస్తునందలి విశ్వాసంవల్ల అని ఇద్దరూ ఒప్పుకున్నారు. తేడాలన్నీ పోలేదు. కానీ మీ పాస్టర్ గారు చెప్పినంత సులువుగా గీత గీయడానికి లేదు.

యూదుల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లంతా మీలా గళ్లు గీసుకుని మోక్షం కొనుక్కునేవాళ్లని మన ప్రసంగాల్లో చెబుతుంటారు. అది అన్యాయం. దేవుడు ముందు కృపతో తమను ఎన్నుకున్నాడనీ, ఆజ్ఞలు ఆ బంధంలో నిలబడి ఉండే తీరనీ వాళ్ల నమ్మకం. గత యాభై ఏళ్లలో పండితులు దీన్ని బాగా తవ్వి చూపించారు. పౌలు గొడవ ఎక్కువగా దేనిమీదంటే, సున్నతి, భోజన నియమాలు, విశ్రాంతి దినం లాంటి గుర్తులను అన్యజనుల (యూదులు కానివాళ్ల) మీద పెట్టి, ఇవి ఉంటేనే మీరు మావాళ్లు అనడం మీద. ఈ సంగతి మీ లడ్డు దగ్గర పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

"క్రియలు లేని విశ్వాసమును మృతము" అని యాకోబు తన పత్రికలో రాశాడు కదా అని మీరు మూడుసార్లు అడిగారు, మూడోసారి కింద గీత గీసి. రాశాడు. అదే అబ్రాహామును ఉదాహరణగా చూపించి రాశాడు. అయితే యాకోబు ఎత్తుకున్నది ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన ఘట్టం. అది 22వ అధ్యాయం. జమ ఏనాడో పడిపోయింది. యాకోబు వాయించేది, దేవుడు ఒక్కడే అని ఒప్పుకుని, ఆకలితో వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపేసేవాణ్ణి. ఆ మాత్రం నమ్మకం దయ్యాలకూ ఉందంటాడు. మీ సంఘం వాళ్లు దించిన బియ్యం బస్తా ఉందే, అదీ యాకోబు అడిగిన క్రియ. దాన్ని వాళ్లు ఏ గడిలో రాసుకున్నారో నాకు తెలియదు. రాసుకోలేదనే అనుకుంటున్నాను.

మీ పుస్తకంలోని ఉపవాసం, దశమ భాగం గళ్లు మాత్రం నన్ను వేరేచోటికి తీసుకెళ్లాయి. లూకా 18లో ఒక పరిసయ్యుడు గుడిలో నిలబడి, వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదోవంతు అని తన పేజీ చదివి వినిపిస్తాడు. పక్కన సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు, తల ఎత్తకుండా, "పాపినైన నన్ను కరుణించుము" అంటాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లింది ఎవరో మీకు తెలుసు. ఈ కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమేసేది, పరిసయ్యుడు చెప్పిన లెక్కలో అబద్ధం ఉందని యేసు ఎక్కడా అనకపోవడం.

ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. మీ అమ్మ మొక్కులను మీరు ఉత్తరంలో "దేవుడితో బేరం" అన్నారు. ఆమెది చూపు వచ్చాక ఒక్కసారి 3,550 మెట్లు. మీది రోజుకు ఏడు గళ్ల చొప్పున తొమ్మిదేళ్లు. బేరం ఎవరిది పెద్దది? పైగా ఆమె తనకు అందినదానికి కృతజ్ఞతగా ఎక్కింది. మీరు అందాలని ఎక్కుతున్నారు.

ఆ కొండ కిందే పుట్టి పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కూడా కాదు. శ్రీవైష్ణవుల్లో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని ఉన్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తనే పట్టుకోవాలి. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. వడగలై వారు మొదటిదాని వైపు, తెంగలై వారు రెండోదాని వైపు మొగ్గుతారు. శరణాగతిలో మనిషి చెయ్యవలసింది ఏమైనా మిగిలి ఉందా అన్నది అక్కడి వాదం. ఇదీ అదీ ఒకటేనని నేననను. పౌలు చెప్పేది సిలువ వేయబడి లేచిన ఒక వ్యక్తిని గురించి. అది తీసేస్తే ఆయన వాదంలో ఏమీ మిగలదు. కానీ మీ అమ్మతో మీ విశ్వాసం గురించి మాట్లాడాలని ఎప్పుడైనా అనిపిస్తే, పిల్లికూన దగ్గర మొదలుపెట్టండి. మీ ఏడో గడి కోసం మాత్రం కాదు.

ఇప్పుడు లడ్డు. "విశ్వాసమువలననే" అన్న బోధ పత్రికల్లో మొదట ఎక్కడ మండిందో తెలుసా? అన్నం దగ్గర. అంతియొకయలో కేఫా, అంటే పేతురు, అన్యజనుల విశ్వాసులతో కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి, వాళ్లకు జడిసి మెల్లగా పంక్తి నుంచి లేచాడు. అతన్ని చూసి మిగతా యూదులూ లేచారు, ఆఖరికి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. గలతీ రెండో అధ్యాయంలో, ధర్మశాస్త్ర క్రియలవల్ల ఎవడూ నీతిమంతుడని తీర్చబడడు అన్న వాక్యం ఆ నిలదీత వెంటనే వస్తుంది. మన తెలుగువాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ఎవరి ఇంట్లో ఎవరు తినొచ్చు, ఎవరికి గ్లాసు విడిగా పెట్టాలి అన్న లెక్కల్లో ఎన్ని తరాలు నలిగాయో మనకు తెలుసు. మా చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది తాతముత్తాతలు ఈ సువార్త వినడానికి ఒక కారణం, బల్ల దగ్గర అందరికీ ఒకే గిన్నె కావడం.

అలాగని లడ్డు తినెయ్యండి, ఏం ఫరవాలేదు అని నేను చెప్పడం లేదు. మీ పాస్టర్ గారు ఊరికే అనలేదు. విగ్రహాలకు అర్పించినవి మానుకొమ్మని అపొస్తలుల కార్యములు 15లో ఉంది. ప్రకటన గ్రంథంలో రెండు సంఘాలకు ఈ విషయంలో చీవాట్లున్నాయి. పౌలు మాత్రం దీన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటాడు. మొదటి కొరింథీ ఎనిమిదిలో "భోజనమునుబట్టి దేవుని యెదుట మనము మెప్పుపొందము" అంటాడు. తినకపోతే తక్కువ లేదు, తింటే ఎక్కువ లేదు. పదో అధ్యాయంలో, విగ్రహం ముందరి పూజాపంక్తిలో కూర్చోవద్దంటాడు; బజారులో అమ్మేది ఆరా తీయకుండా తినమంటాడు; ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానెయ్యమంటాడు. గమనించండి, నీ నీతి పోతుంది గనుక అని ఎక్కడా అనలేదు. ఎదుటివాడి కోసం అన్నాడు.

మీ ముందు దారులు ఇవి. వద్దనాలనుకుంటే వద్దనండి. అది గౌరవమైన దారే, మీ సంఘంలో గొడవ ఉండదు. కానీ వద్దనేది లడ్డునే అయి ఉండాలి, ఆమె చేతిని కాదు. "ఇది నేను తిననమ్మా, నీ సంగటి పెట్టు" అనగలిగితేనే ఆ వద్దనడం నిలుస్తుంది. ఇప్పుడు మీరు రెండింటినీ కలిపి నెట్టేశారు. తింటాననుకుంటే, "శెనగపిండి, చక్కెర, నెయ్యే కదా" అని మాత్రం తినకండి. మీ మనస్సాక్షికి అది సులువు, ఆమెకు అది అవమానం. ఆమె ఇచ్చింది మిఠాయి కాదు. పైగా రహస్యంగా తిని, ఆదివారం ఏమీ ఎరగనట్టు కూర్చుంటే మూడు గంటల మెలకువ రెండు గంటలకు వస్తుంది. ఇంకో దారి, రెండు చేతులా తీసుకుని, ఆమె ఎదుటే పక్కింటి పిల్లలకు పెట్టడం. కొందరు విశ్వాసులు ఇలా చేస్తారు. ఇది ఆమెకు సమ్మతమో కాదో నాకు తెలియదు. ముందే అడగండి. మీ ఉత్తరం మొత్తంలో ఆమెను మీరు అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు.

సంఘం సంగతి. మారడం తేలిక. మీ భార్య వైపు వాళ్ల చర్చి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు ఈ ప్రాంతంలో నాటిన సంఘాల పరంపర అది. పిల్లలకు లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి నేర్పి పెంచినవాళ్లు. అక్కడికి వెళితే బల్ల దగ్గరికి రానిస్తారేమో, అమ్మ లడ్డు గురించి ఎవరూ అడగకపోవచ్చు. కానీ మీరు వెళుతూ పన్నెండో పుస్తకం చంకన పెట్టుకుని వెళతారని నా భయం. పైగా కష్టంలో పక్కన కూర్చున్న మనుషులను వదిలి వెళ్లడం మీరు ఇప్పుడు అనుకుంటున్నంత తేలిగ్గా ఉండదు. ఉండిపోతే, మాట్లాడకుండా ఉండిపోవడం కుదరదు. మిగిలిన నెల గడిచిపోతే, మళ్లీ రొట్టె చేతికొస్తే, శిక్ష పూర్తయింది గనుక యోగ్యత వచ్చిందని మీ పుస్తకం రాసుకుంటుంది. అది ఇంకా ప్రమాదం.

అందుకని ముందు పాస్టర్ గారి దగ్గరికి ఒంటరిగా వెళ్లి, తగాదాకు కాకుండా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యగారూ, ఈ మూడు నెలలూ నేను దేవుని ముందు నీతిమంతుడుగానే ఉన్నానా?" మీ మందిరం గోడ మీద "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అని నీలం పెయింటుతో రాసి ఉందన్నారు. అవునని ఆయన అంటే, ఇది సంఘ క్రమశిక్షణ మాత్రమే. కఠినమైనదే అయినా దానితో మీరు బతకగలరు, కావాలంటే తగ్గించమని అడగగలరు. కాదని అంటే, గోడ మీద ఒకటి, బల్ల దగ్గర ఒకటి బోధిస్తున్నారని అర్థం. అప్పుడు వెళ్లిపోవడానికి మీకు కారణం దొరుకుతుంది, అలక కాకుండా. నేను ఆయన్ను ఎరగను. రోజూ వచ్చి మీ పక్కన కూర్చున్న మనిషి అవుననే అంటాడని నా అంచనా.

మీ భార్య నిద్ర గురించి ఎక్కువ చెప్పను. ఆమె చెప్పింది నిజమే. ఆమె దాన్ని బద్ధకానికి దుప్పటిగా కప్పుకుంటోందా అన్నది వేరే ప్రశ్న. కృప ఉంది కదా అని పాపంలో ఉందామా అని రోమా ఆరులో పౌలే అడిగాడు. అయితే అది ఆమెను అడగాల్సింది మీరు కాదు, ముఖ్యంగా కోపంగా ఉన్నప్పుడు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దవాడు గుర్తున్నాడా? "ఇన్నేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అంటూ వాకిట నిలబడినవాడు. తండ్రి అతని కోసమూ బయటికొచ్చాడు. మీరు ఉపవాస కూడికలో ఉండగా ఆ రోజు ఆసుపత్రి వరండాలో మీ అమ్మ పక్కన కూర్చున్నది ఆమే, అది మాత్రం గుర్తు చేస్తాను.

కూతురి విషయంలో మాత్రం నేను దారులు చూపించను. ఈ వారంలోనే వెళ్లి క్షమాపణ అడగండి. ర్యాంకు ఎందుకు తగ్గిందో ఆ పిల్లకు తెలుసు, లెక్చరర్లకు తెలుసు. మీ ఉపవాసానికి దానితో పనిలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. మందిరానికి రమ్మని ఇప్పుడే బలవంతం చెయ్యవద్దు. ఆ పిల్ల వదిలేసింది మీ పుస్తకంలోని దేవుణ్ణి. అడిగిన ప్రశ్న చూస్తే వేదాంతం మీకంటే బాగానే ఒంటబట్టినట్టుంది.

మూడు గంటల మెలకువ. మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, ఏదో మరిచిపోయానని మళ్లీ వచ్చేవాడట. 'దేవుని నీతి' అన్న మాటంటేనే తనకు ద్వేషంగా ఉండేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఆయనకు రోమా పత్రికతో తెరిపి కలిగింది. మీకూ కలగవచ్చు. కానీ గళ్లు ఒకసారి చూస్తే చాలదని నాలుగుసార్లు చూస్తున్నారు, చూడకపోతే గుండె దడ వస్తోంది, పాత పేజీలు తిరగరాస్తున్నారు. ఇది విశ్వాసం తక్కువై కాకపోవచ్చు. ఇలాంటి తిరగబెట్టే ఆలోచన ఒక జబ్బుగా ఉంటుంది, మందుతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. చిత్తూరులోనో తిరుపతిలోనో మానసిక వైద్యుడికి చూపించండి. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే 14416, ప్రభుత్వ టెలీ మానస్, డబ్బు ఖర్చు లేదు.

పుస్తకాలు తగలబెట్టడం నాకు అంత నచ్చలేదు. అదీ ఒక మొక్కులాగే ఉంది. తగలబెట్టిన రోజుకు ఇంకో పుస్తకంలో నీలం టిక్కు పడుతుంది. పదకొండూ మీ భార్యకు ఇచ్చి బీరువాలో పెట్టించండి. ప్రార్థన మానవద్దు, బైబిలు మానవద్దు. రాయడం మానండి, ఒక నెల. చెయ్యి లాగుతుంది. లాగినప్పుడు ఏమవుతుందో నాకు మళ్లీ రాయండి.

ఒక చిన్న సంగతి ఆఖరి పేజీ చివర్లో రాశారు, షుగరు ఉందనీ, మాత్ర వేసుకుని శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాననీ. ఇది సీజను. ఫ్యాక్టరీ ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, మీకు పద్నాలుగు గంటల డ్యూటీ. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో వేబ్రిడ్జి చీట్లు చూస్తూ కళ్లు తిరిగి పడితే ఎవరూ పక్కన ఉండరు. డాక్టరును అడిగే దాకా ఉపవాసం ఆపండి. రేపు పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు వసారాలోకి వెళ్లి, క్యారియరు ఆమె ముందు పెట్టండి. సంగటి, ఏ ఊరుబిండి ఉంటే ఆ ఊరుబిండి.